పాత లయనెల్ ట్రాన్స్‌ఫార్మర్: మనమే బాగుచేసుకోవాలా, చేయించాలా, కొత్తది కొనాలా?

న్యూజెర్సీలో వేసవి శనివారాల్లో గరాజ్ సేల్స్ చుట్టూ తిరిగే అలవాటున్న వాళ్లకి పాత బొమ్మరైలు సెట్లు కొత్త కాదు. అట్టపెట్టె తెరిస్తే ఒక ఇంజన్, నాలుగైదు బోగీలు, మూడు పట్టాల ట్రాక్ ముక్కలు, అడుగున ఇటుకంత బరువుండే నల్లటి ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద లయనెల్ అని రాసి ఉంటుంది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఒకప్పుడు హిల్‌సైడ్‌లో ఉండేది. మనవాళ్లు ఇంతమంది ఉండే ఎడిసన్‌కి అదేమంత దూరం కాదు.

కొని ఇంటికి తెచ్చాక మొదటి కోరిక ఒకటే: ప్లగ్గు పెట్టి చూద్దామని. దయచేసి పెట్టకండి. డెబ్భై ఏళ్ల వస్తువులో ఇనుప కోర్, రాగి చుట్టలు సాధారణంగా బాగానే ఉంటాయి. వయసు మీదపడేది రబ్బరు వైరుకి, కార్బన్ రోలర్లకి, విజిల్ రెక్టిఫైయర్‌కి, బ్రేకర్‌కి. అందుకే ఇవి చాలావరకు బాగుపడే వస్తువులే. అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: బాగైన తర్వాత దాంతో ఏ రైలు నడుపుతారు?

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఈ రైలు సంగతే. 1950ల ఇంజన్‌లో ఉన్నది మోటారు, రివర్స్ యూనిట్, దాని వెనక బోగీలో విజిల్ రిలే. కాస్త షార్ట్ అయినా, నిప్పురవ్వలు లేచినా అవి పెద్దగా పట్టించుకోవు. ఇప్పటి ఇంజన్లలో సౌండ్ బోర్డు, రిమోట్ రిసీవర్ ఉంటాయి. పట్టాలు తప్పిన ఒక్క క్షణంలో లేచే వోల్టేజ్ స్పైక్‌కి బోర్డు పోవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బాగున్నా దానిలోని బ్రేకర్ వేడెక్కి విడిపోయే రకం, నింపాదిగా పనిచేస్తుంది. అది స్పందించేలోపే నష్టం జరిగిపోతుంది.

రెండోది వైరు. వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి. గట్టిపడి పెళుసుగా ఉన్నా, పగుళ్లలోంచి రాగి కనబడినా వైరు మార్చకుండా కరెంటు ఇవ్వకూడదు. బయట బాగానే ఉండి, పెట్టెలోకి దూరే చోట పొడిపొడిగా రాలే వైర్లు చాలా ఉంటాయి.

మూడోది ఎవరూ ముందుగా ఆలోచించని విషయం, వాట్లు. ఆ రోజుల్లో లయనెల్ ప్లేటు మీద రాసింది గోడ నుంచి తీసుకునే వాట్లు, పట్టాలకిచ్చేవి కాదు. జెడ్‌డబ్ల్యూ అనే 275 వాట్ల పెద్ద మోడల్ నుంచి నిలకడగా పట్టాలకు వచ్చేది సుమారు 180 వాట్లే. కొత్త వాటితో పోల్చేటప్పుడు ఈ తేడా మరిచిపోతే లెక్క తప్పుతుంది.

నాలుగోది మీ చేతి పని. మల్టీమీటర్ వాడటం, టంకం వేయడం వచ్చా? ఇంట్లో చిన్న పిల్లలున్నారా? ఇవి మీకే తెలుస్తాయి.

చేతిలో ఉన్నది ఏ మోడల్?

| మోడల్ | కాలం | ప్లేటు మీది వాట్లు | స్వభావం |
|---|---|---|---|
| జెడ్‌డబ్ల్యూ | 1948–66 | మొదట 250, తర్వాత 275 | నాలుగు అవుట్‌పుట్లు, రెండు విజిల్ మీటలు. పెద్ద లేఅవుట్‌కి |
| కేడబ్ల్యూ | 1950–65 | 190 | రెండు రైళ్లు. చాలామందికి ఇది చాలు |
| 1033 | 1948–56 | 90 | ఒక రైలు, చిన్న చుట్టు |

అందరి కళ్లూ జెడ్‌డబ్ల్యూ మీదే ఉంటాయి. నా మటుకు నేను కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కేడబ్ల్యూనే చెబుతాను. ఒక గదిలో రెండు రైళ్లు తిప్పడానికి అది సరిపోతుంది. ఇక 1033 విషయంలో ఒక జాగ్రత్త. జెడ్‌డబ్ల్యూలో, కేడబ్ల్యూలో 'యూ' అనే స్క్రూ బయటి పట్టాలకు వెళ్లే కామన్, అంటే అన్ని అవుట్‌పుట్లకీ ఉమ్మడి కొస. 1033లో 'యూ' మధ్య పట్టాకి వెళ్తుంది. బయటి పట్టాలకు 'ఏ' గానీ 'బీ' గానీ కలుపుతారు. అక్షరం ఒకటే కదా అని రెండు ట్రాన్స్‌ఫార్మర్లను కలిపేస్తే షార్ట్ అవుతుంది.

యుద్ధానికి ముందు నాటి జెడ్, వీ మోడళ్లు కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. వాటిలో విజిల్ మీట ఉండదు, పైగా వోల్టేజ్ 20 దాటి వెళ్తుంది. కొత్త ఇంజన్లకు అవి అసలు పనికిరావు.

మొదటి దారి: మనమే బాగుచేసుకోవడం

జెడ్‌డబ్ల్యూ, కేడబ్ల్యూ రెండూ విప్పి మళ్లీ బిగించేలా తయారైనవే. మూత తీస్తే కనబడేది ఒక పెద్ద కోర్, దాని మీద రాగి చుట్ట, ఆ చుట్ట మీద ఇన్సులేషన్ తీసేసిన ఒక పట్టీ. హ్యాండిల్ తిప్పితే చిన్న కార్బన్ రోలర్ ఆ పట్టీ మీద దొర్లుతూ ఒక్కో చుట్టునీ తాకుతుంది. వోల్టేజ్ పెరగడం, తగ్గడం అంతా ఇంతే. ఇందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు.

రోలర్‌ని ఇత్తడితో కాకుండా కార్బన్‌తో చేయడానికి కారణముంది. దొర్లేటప్పుడు రోలర్ ఒకేసారి రెండు పక్కపక్క చుట్లను తాకుతుంది. అది లోహమైతే ఆ రెండు చుట్ల మధ్య షార్ట్ అయి తీగ కాలిపోతుంది. కార్బన్‌కి ఉన్న కాస్తంత నిరోధం ఆ ప్రవాహాన్ని అదుపులో పెడుతుంది. అందుకే రోలర్ అరిగిపోయి, దాన్ని పట్టుకున్న లోహపు చెయ్యి చుట్టని గీకే దాకా ఆగకూడదు. రోలర్‌కి కొన్ని డాలర్లు పెడితే చాలు, చుట్ట పోతే ట్రాన్స్‌ఫార్మరే పోయినట్టు.

పని వరుస నేను ఇలా పెట్టుకుంటాను.

కరెంటు లేకుండానే ముందు మీటర్ పెడతాను. ప్లగ్గు రెండు పిన్నుల మధ్య కొద్ది ఓములు చూపించాలి. పిన్నుకీ కోర్‌కీ మధ్య, పిన్నుకీ అవుట్‌పుట్ స్క్రూలకీ మధ్య అసలు కనెక్షన్ ఉండకూడదు. ఉంటే అక్కడితో ఆపేయాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇక విడిభాగాలకే.

తర్వాత వైరు మార్పు. 120 వోల్టుల దగ్గర 275 వాట్లంటే రెండున్నర ఆంపియర్లలోపే, కాబట్టి 18 గేజ్ వైరు సరిపోతుంది. పెట్టెలోకి దూరాక లోపల ముడి వేయండి, లాగినప్పుడు ఆ బరువు టంకం మీద పడదు. పాత టంకం మీదే కొత్త టంకం పూయకుండా, శుభ్రంగా తీసేసి వేయాలి.

అప్పుడు సిరీస్ బల్బు. మన ఊళ్లో ఎలక్ట్రీషియన్ల దుకాణాల్లో గోడకి ఉండే సిరీస్ బోర్డు గుర్తుందా? అదే పద్ధతి. పాతకాలపు 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని ట్రాన్స్‌ఫార్మర్‌తో సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు మసగ్గా వెలిగినా, వెలగకపోయినా మంచిదే. నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉంది. ఈ పరీక్ష నెగ్గాక నేరుగా కరెంటిచ్చి, రైలేమీ కలపకుండా అరగంట వదిలేయండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వార్నిష్ వాసన వచ్చినా లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయన్నమాట. దాన్ని ఇంట్లో బాగుచేయలేం.

ఇక రోలర్లు. కొత్తవి దొరుకుతాయి. పాతవాటి రివెట్‌ని జాగ్రత్తగా తీసి కొత్తవి బిగించాలి. మొత్తం పనిలో ఓపిక పరీక్షించేది ఇదే. రోలర్ స్వేచ్ఛగా దొర్లాలి, అలాగని ఊగకూడదు. చుట్ట మీద పేరుకున్న నల్లటి మసిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. మొండికేస్తే పెన్సిల్ రబ్బరు వాడొచ్చు. స్టీల్ పీచు మాత్రం దగ్గరికి రానివ్వకండి, దాని సన్నటి ముక్కలు చుట్ల మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తాయి. రోలర్ దొర్లే దారి మీద నూనె చుక్క కూడా పడకూడదు.

చివరగా విజిల్. లయనెల్ విజిల్ పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. పట్టాల మీదకి వెళ్లే ఏసీలో కాస్త డీసీ కలిపితే, బోగీలోని రిలే దాన్ని పసిగట్టి విజిల్ ఊదిస్తుంది. ఆ డీసీ కోసమే లోపల పళ్లెంలాంటి రెక్టిఫైయర్ డిస్క్ ఉంటుంది. విజిల్ బలహీనపడితే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. బదులుగా ఎక్కువ ఆంపియర్లు తట్టుకునే, స్క్రూతో బిగించే సిలికాన్ డయోడ్ పెడితే సమస్య తీరుతుంది. దిక్కు మాత్రం చూసుకోవాలి. నేను మొదటిసారి డయోడ్‌ని తిరగేసి పెట్టాను. పాత ఇంజన్‌తో చూస్తే విజిల్ చక్కగా మోగింది, గెలిచాననుకున్నాను. కొత్త ఇంజన్ పెట్టి మీట నొక్కితే గంట మోగడం మొదలైంది, ఆపితే ఒట్టు! కారణం తర్వాత తెలిసింది. పాత రిలేకి డీసీ ఏ దిక్కుదైనా ఒకటే. కొత్త సౌండ్ ఇంజన్లు పాజిటివ్ అయితే విజిల్ అని, నెగెటివ్ అయితే గంట అని అర్థం చేసుకుంటాయి. మళ్లీ మొత్తం విప్పాల్సి వచ్చింది.

ఈ దారిలో ఖర్చు తక్కువ, రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. అన్నిటికన్నా పెద్ద లాభం, మీ ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏముందో మీకు తెలుస్తుంది. రివెట్లతో మూసేసిన చిన్న మోడళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిని విప్పే శ్రమ కన్నా ఇంకొకటి కొనడం నయం.

రెండో దారి: తెలిసినవాళ్ల చేత చేయించడం

అమెరికాలో ఇప్పటికీ బొమ్మరైలు దుకాణాల్లో, ఇళ్ల దగ్గర ఈ పని చేసేవాళ్లున్నారు. ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లు. పని బాగా తెలిసినవారికి ఇస్తే టెన్షన్ ఉండదు. అడగాల్సిన ప్రశ్నలు మూడే. వైరు తప్పకుండా మారుస్తారా? రోలర్లు ఎన్ని మారుస్తారు? లోడు పెట్టి పరీక్షిస్తారా? "ఆన్ చేశాను, పనిచేస్తోంది" అన్నది పరీక్ష కాదు.

అసలు కష్టం పంపడంలోనే ఉంది. జెడ్‌డబ్ల్యూ బరువు, దాని బేకలైట్ పెట్టె పెళుసు. కొరియర్ వాళ్లు ఒకసారి కింద పడేస్తే మూల పగులుతుంది. నాకు తెలిసిన ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్ బాగై, పెట్టె రెండు ముక్కలై తిరిగొచ్చింది. కారులో తీసుకెళ్లగల దూరంలో మనిషి దొరికితేనే ఈ దారి మంచిది. రైళ్ల సంతలకు వెళ్తే ఇలాంటివాళ్లు పరిచయమవుతారు. పెన్సిల్వేనియాలోని యార్క్‌లో ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ వాళ్ల సంత జరుగుతుంది. న్యూజెర్సీ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు.

మూడో దారి: ఎవరో బాగుచేసి అమ్ముతున్నది కొనడం

గరాజ్ సేల్ సరుకు ఇంకా కొననివాళ్లకి ఇదే తేలిక. 'రీఫర్బిష్డ్' అనే మాటని మాత్రం నమ్మకండి. పెట్టెకి పాలిష్ పెట్టి, లోపల పాత వైరే ఉంచి అమ్మేవాళ్లుంటారు. మూత తీసిన ఫొటో అడగండి. కొత్త వైరు, కొత్త రోలర్లు, డయోడ్ కళ్లకి కనబడాలి. ఫొటో ఇవ్వడానికి నసిగితే వదిలేయండి, ఇవేమీ అరుదైన వస్తువులు కావు.

నాలుగో దారి: కొత్త పవర్ సప్లై

లయనెల్ ఇప్పటి ట్రాన్స్‌ఫార్మర్లలో సీడబ్ల్యూ-80 అంటే 80 వాట్లది, జెడ్‌డబ్ల్యూ-ఎల్ అంటే 620 వాట్లది. రెండోది పాత జెడ్‌డబ్ల్యూ ఆకారాన్ని గుర్తుచేసేలా చేశారు, ధర మాత్రం వందల డాలర్లలో ఉంటుంది. మధ్యలో రిమోట్‌తో నడిపేవాళ్ల కోసం 180 వాట్ల పవర్‌హౌస్ అనే ఇటుక ఉంది. ఎంటీహెచ్ అనే ఇంకో బొమ్మరైలు కంపెనీ వాళ్ల జెడ్-4000 ట్రాన్స్‌ఫార్మర్‌కి కూడా అభిమానులు ఎక్కువే.

వీటి బలం బ్రేకర్. పట్టా తప్పిన వెంటనే కట్ చేస్తుంది. పిల్లలున్న ఇంటికి, కొత్త ఇంజన్లకి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. లోపం ఏంటంటే, పాడైతే మనం చేయగలిగింది తక్కువ. బోర్డు పోతే బోర్డు మార్చాలి, అది దొరకకపోతే పక్కన పెట్టేయాలి. సీడబ్ల్యూ-80 ఇచ్చే ఏసీ ముక్కలు కోసిన అల లాంటిది కాబట్టి, సాధారణ మీటర్‌తో కొలిస్తే తప్పు అంకె చూపిస్తుంది. కొత్తదాంట్లో వోల్టేజ్ తక్కువొస్తోందని కంగారుపడేవాళ్లు చాలామంది ఈ మీటర్ వల్లే పొరబడతారు.

నాలుగూ పక్కపక్కన

| | మనమే | చేయించడం | బాగుచేసింది కొనడం | కొత్తది |
|---|---|---|---|---|
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | సీడబ్ల్యూ-80 అయితే తక్కువ, పెద్దవి చాలా ఎక్కువ |
| సమయం | రెండు మూడు సాయంత్రాలు | వారాలు పట్టొచ్చు | వెతుకులాట | వెంటనే |
| భద్రత | మీ పనిని బట్టి | పనివాడిని బట్టి | ఫొటోలు చూసి తేల్చాలి | అన్నిటికన్నా మెరుగు |
| పాత రైళ్లకి | చాలా బాగు | చాలా బాగు | చాలా బాగు | బాగు |
| కొత్త రైళ్లకి | అదనపు రక్షణతోనే | అదనపు రక్షణతోనే | అదనపు రక్షణతోనే | నేరుగా |
| పదేళ్ల తర్వాత మరమ్మతు | తేలిక | తేలిక | తేలిక | కష్టం |

అదనపు రక్షణ అంటే

పాతదాన్నే ఉంచుకుంటాను, కొత్త ఇంజన్లు కూడా నడుపుతాను అనేవాళ్లు ఈ భాగం నెమ్మదిగా చదవాలి.

మొదటిది, త్వరగా విడిపోయే బ్రేకర్ బయట పెట్టడం. దీన్ని ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. జెడ్‌డబ్ల్యూ లోపలి బ్రేకర్ కామన్ దారిలో ఉంటుంది. 'ఏ' హ్యాండిల్‌తో ఒక బ్లాకు (విడిగా కరెంటిచ్చే ట్రాక్ భాగం), 'డీ' హ్యాండిల్‌తో ఇంకో బ్లాకు నడుపుతున్నారనుకోండి. రైలు రెండు బ్లాకుల మధ్య గీత దాటేటప్పుడు దాని కింద మధ్య పట్టాని తాకే రోలర్లు రెండు అవుట్‌పుట్లనీ కలిపేస్తాయి. ఒకటి 10 వోల్టుల దగ్గర, ఇంకొకటి 16 దగ్గర ఉంటే ఆ తేడా వల్ల కరెంటు 'ఏ', 'డీ'ల మధ్య, లోపలి చుట్ట గుండా తిరుగుతుంది. అది కామన్ దారిలోకి రాదు, కాబట్టి బ్రేకర్‌కి తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్‌లోని కార్బన్ రోలర్లు, వాటి కింది చుట్లు మాడిపోతాయి. మంచి జెడ్‌డబ్ల్యూలు ఇలానే పోతాయి. అందుకని కామన్ దగ్గర ఒక్కటి పెడితే చాలదు. వాడుకునే ప్రతి అవుట్‌పుట్ స్క్రూ దగ్గర, ఏ, బీ, సీ, డీ విడివిడిగా, ఒక్కో బ్రేకర్ ఉండాలి. పెద్ద వాటికి 10 ఆంపియర్లది సరిపోతుంది.

రెండోది టీవీఎస్ డయోడ్. 1.5కేఈ36సీఏ అని అడిగితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చాలా తక్కువ ధరకి దొరుకుతుంది. దీన్ని అవుట్‌పుట్‌కీ కామన్‌కీ మధ్య అడ్డంగా కలపాలి. వోల్టేజ్ అదుపు తప్పి లేచినప్పుడు ఆ స్పైక్‌ని ఇది మింగుతుంది. బ్రేకర్ చేసేది ఒక పని, టీవీఎస్ చేసేది వేరొక పని. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయకండి.

ఎవరికి ఏది

తాతగారి సెట్‌నో, గరాజ్ సేల్‌లో దొరికినదాన్నో అలాగే పాత ఇంజన్‌తో తిప్పాలనుకునేవాళ్లు, చేతికి టంకం అలవాటుంటే మొదటి దారి పట్టండి. అలవాటు లేకపోతే, 120 వోల్టుల వస్తువు మీద నేర్చుకోకండి. ముందు బోగీ బల్బు తీగ మీద నేర్చుకోండి, ట్రాన్స్‌ఫార్మర్‌ని తెలిసినవారికి ఇవ్వండి.

ఐదేళ్ల పిల్లాడి పుట్టినరోజుకి రైలు పెడుతున్నవాళ్లకి కొత్తదే. ఇందులో నాకు సందేహం లేదు. పాతదాన్ని షెల్ఫ్ మీద పెట్టుకోండి, చూడ్డానికి బాగుంటుంది.

పెద్ద లేఅవుట్ కడుతూ ఖర్చు చూసుకునేవాళ్లకి బాగుచేసిన జెడ్‌డబ్ల్యూ ఒకటి, పైన చెప్పిన రక్షణతో. కొత్త ఇంజన్లు రెండు కన్నా ఎక్కువైతే మాత్రం, ఒక్కో ఇంజన్ బోర్డు ధర గుర్తు తెచ్చుకుని జెడ్‌డబ్ల్యూ-ఎల్ గురించి మళ్లీ ఆలోచించండి.

ఏడాదికోసారి మాత్రమే, అదీ క్రిస్మస్ రోజుల్లో బయటికి తీసేవాళ్లు దాచే చోటు మార్చండి. తేమ ఉండే బేస్‌మెంట్ కన్నా ఇంట్లో అల్మారా మేలు. వైరుని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ బిగించి చుట్టకండి. తీసిన ప్రతిసారీ హ్యాండిల్‌ని కరెంటు లేకుండా నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పండి, రోలర్లు కదులుతాయి. ఆట అయిపోగానే హ్యాండిల్ సున్నాకి తేవడంతో ఊరుకోకుండా ప్లగ్గు కూడా తీసేయండి. వీటిలో చాలావాటికి మెయిన్ స్విచ్ ఉండదు, ప్లగ్గు ఉన్నంతసేపూ ప్రైమరీ చుట్టలో, అంటే గోడ కరెంటు వచ్చే చుట్టలో, కరెంటు ఉన్నట్టే.

హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్తే

సెలవులకి వెళ్తూ మేనల్లుడికని సూట్‌కేసులో పెట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది కూడా. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లయనెల్ ట్రాన్స్‌ఫార్మర్ 115–120 వోల్టులకి, 60 హెర్ట్జ్‌కి చేసింది. నేరుగా పెడితే నిమిషాల్లో కాలిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్‌తో వోల్టేజ్ మారదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

230 నుంచి 110 చేసే స్టెప్‌డౌన్ పెట్టినా హెర్ట్జ్ తేడా అలాగే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే కోర్‌లో అయస్కాంత ప్రవాహం పెరుగుతుంది. 50 దగ్గర 120 వోల్టులిస్తే 60 దగ్గర 144 ఇచ్చినంత భారం. గంటసేపు ఆడితే పెట్టె బాగా వేడెక్కుతుంది. దీనికి తేలిక మార్గం, జపాన్ వస్తువుల కోసం అమ్మే 230 నుంచి 100 వోల్టుల స్టెప్‌డౌన్ వాడటం. పట్టాల మీద గరిష్ఠ వోల్టేజ్ 20కి బదులు 17 దగ్గర ఆగుతుంది, పాత ఇంజన్‌కి అది చాలు. స్టెప్‌డౌన్ కొనేటప్పుడు ప్లేటు మీది 275 వాట్లకి సరిపడేది కాకుండా 500 వాట్లది తీసుకోండి. చవగ్గా దొరికే, ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్లకి వాడే తేలికపాటి కన్వర్టర్లు మాత్రం వద్దు. వాటిలో చాలావరకు అలని కోసి వోల్టేజ్ తగ్గిస్తాయి, ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ వాటి మీద గొల్లున మోగుతుంది.